ఎత్తిరాత

"అన్నీ అంటే అన్నీయేనా మావయ్యా?" అన్నాడు మా మేనల్లుడు, పేకముక్కల కట్టంత నల్లటి పెట్టెను అటూ ఇటూ తిప్పి చూస్తూ.

అన్నీయే అన్నాను. కోటగుమ్మం దగ్గర ఇరవై నాలుగేళ్ళు డీటీపీ సెంటర్ నడిపి, ఉగాది వెళ్ళాక షట్టరు దించేసినవాణ్ణి. ఏది కావాలో ఏది అక్కర్లేదో తేల్చుకునే ఓపికే ఉంటే షట్టరెందుకు దించుతాను? అద్దె పెరిగింది, చూపు తగ్గింది, శుభలేఖలు ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. మిగిలింది ఒక పాత కంప్యూటరూ, దాని పొట్టలో ఒక ఊరూ.

ఊరు అని గొప్పకి అనడం లేదు. దేవీచౌక్ దసరా ఉత్సవాల కరపత్రాలు, తాడితోట బట్టల కొట్ల బిల్లు పుస్తకాలు, కడియం నర్సరీల మొక్కల ధరల పట్టీలు, అద్దె ఒప్పందాలు, సొంత ఖర్చుతో అచ్చేయించుకున్న కవితా సంపుటాలు. 2003 పుష్కరాలకి ఒక ఫోల్డరు, 2015 పుష్కరాలకి ఒకటి. అదే 2015లో ఊరి పేరు అధికారికంగా రాజమహేంద్రవరం అయ్యాక, లెటర్‌హెడ్లూ విజిటింగ్ కార్డులూ మార్పించుకోడానికి వచ్చినవాళ్ళతో కొన్నాళ్ళు అన్నం తినడానికి తీరిక లేదు. నోటితో మాత్రం ఇప్పటికీ అందరం రాజమండ్రి అనే అంటున్నాం. నేనూ అంతే.

అన్నిటికంటే పెద్దది 'కార్డులు' అనే ఫోల్డరు. ఇంటిపేర్ల వరసన పెట్టుకున్నాను. ఒక ఇంటిపేరు తెరిస్తే పెళ్ళి, గృహప్రవేశం, బారసాల, ఓణీల వేడుక, చివర్న పెద్దకర్మ. ఒక పెద్దాయన కూతురి పెళ్ళికార్డు చేయించుకుంటూ 'ఆహ్వానించువారు' దగ్గర తన పేరు ఒక పాయింటు పెద్దది చెయ్యమని మూడుసార్లు దిద్దించాడు. పదకొండేళ్ళ తర్వాత అదే ఫోల్డర్లో ఆయన ఫొటో పెట్టి, పేరుకి ముందు 'కీ.శే.' చేర్చి ఇచ్చాను. ఆ పాయింటు మాత్రం తగ్గించలేదు.

మా మేనల్లుడు కాకినాడ నుంచి వచ్చాడు. కంప్యూటర్ల ఉద్యోగమే. వాడు చెప్పిన మొదటి మాట: "కట్ కొట్టకు. కాపీ కొట్టు." కట్ కొడితే మధ్యలో కరెంటు పోయినప్పుడు ఏది ఎక్కడుందో తెలీక తికమకట. కాపీ అయితే ఏమైనా పాతది పాతచోటే ఉంటుంది. రెండో మాట: సీ డ్రైవంతా ఎత్తక్కర్లేదు, అందులో ఉన్నది విండోస్, దాన్ని ఫైళ్ళలా మోసుకెళ్ళి ఇంకో మెషీన్లో పెడితే నడవదు. డీ డ్రైవ్ మొత్తం, డెస్క్‌టాపూ, డాక్యుమెంట్సూ చాలు. ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఒక టెరాబైటు డ్రైవంటే తగిలించగానే 931 జీబీ అని చూపించింది. తూకంలో మోసమా అంటే కాదు. కంపెనీ వెయ్యేసి లెక్కన కొలుస్తుంది, విండోస్ 1,024 లెక్కన కొలుస్తుంది. వెనకటికి ఒక్కో ఊళ్ళో ఒక్కో కుంచం ఉన్నట్టు.

కాపీ మొదలైంది. ఆకుపచ్చ గీత సాగుతోంది. మొదట మూడు గంటలంది. కాసేపటికి నలభై నిమిషాలంది. సంబరపడేలోగా ఒక రోజంది. గోదావరికి వరదొచ్చినప్పుడు ధవళేశ్వరం కబురు ఇంతకంటే నిలకడగా ఉంటుంది: 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వింటే ఏం చెయ్యాలో తెలుస్తుంది. ఈ పెట్టె చెప్పేది వింటే కాఫీ పెట్టుకోవాలో పడుకోవాలో తెలీదు.

"చిన్న ఫైళ్ళు వేలల్లో ఉన్నాయి కదా మావయ్యా, అందుకే," అన్నాడు వాడు. ఒక సినిమా మొత్తం ఒకే ఫైలైతే లారీలో బస్తాలు దింపినట్టు దిగిపోతుంది. చిన్న ఫైళ్ళు పెళ్ళి పిలుపుల్లాంటివి. ప్రతి గుమ్మం దగ్గరా ఆగాలి, బొట్టు పెట్టాలి, కార్డివ్వాలి, "ముందురోజే వచ్చెయ్యాలండీ" అనాలి. కార్డు చేతిలో పెట్టడానికి పట్టేది క్షణమే. ఆగడానికే పొద్దుపోతుంది. పైగా నా పాత మెషీనుది పాతకాలపు యూఎస్‌బీ. కొత్త డ్రైవ్ ఎంత పరిగెత్తగలిగినా సందు ఇరుకు.

మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది. ఇద్దరం గీత వంక చూస్తూ నించున్నాం. వచ్చేసింది. రాత్రి పదింటికి అయిపోయింది. వాడు 'సేఫ్లీ రిమూవ్' నొక్కి, డ్రైవ్ ఊడదీసి, నా చేతిలో పెట్టి, "ఇదిగో నీ ఊరు" అన్నాడు. మా ఆవిడ దాన్ని ఒక పాత పట్టు జాకెట్టుగుడ్డలో చుట్టి బీరువాలో నగల పక్కన పెట్టింది. పాత కంప్యూటరు మెట్ల కిందకి చేరింది. పాతసామాన్లవాడు వస్తే ఇచ్చెయ్యమన్నాను.

ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఎందుకంటే మా ఇంట్లో కాగితాలు పోవడమంటే ఏమిటో నాకు తెలుసు. మా తాతగారిది కోనసీమలో ఒక లంక. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి పోయింది గోదావరి. ఆనకట్ట కట్టాక అంత నీరు ఎవరూ చూడలేదు. మనుషులం పడవెక్కి బయటపడ్డాం. ట్రంకుపెట్టె ఉండిపోయింది. నీళ్ళు తీశాక తెరిస్తే దస్తావేజులూ, మా నాయనమ్మ మంగళహారతుల నోటుపుస్తకమూ కలిసి ఒకే ముద్ద. దస్తావేజుల నకళ్ళు రిజిస్ట్రారు ఆఫీసులో దొరికాయి. హారతులకి రిజిస్ట్రారు ఎవరు? నాయనమ్మ మళ్ళీ చెబుతూ కూచుంది, మా అత్త రాసింది. సగం వచ్చాయి. మిగతా సగం ఎంత ప్రయత్నించినా రాలేదావిడకి.

సరిగ్గా తొమ్మిది రోజులకి ఫోనొచ్చింది. అమెరికా నుంచి.

"బాబాయ్ గారూ, నాన్నగారి పుస్తకం మీ దగ్గరే టైపు చేయించారు కదండీ. ఆ ఫైలేమైనా ఉందాండీ?"

ఆ నాన్నగారు తెలుగు మాస్టారు. రిటైరయ్యాక తన పద్యాలన్నీ చేర్చి ఒక శతకమూ కొన్ని ఖండికలూ వేసుకున్నారు. మూడు వందల కాపీలు. రోజూ సాయంత్రం వచ్చి నా పక్క స్టూలు మీద కూచుని, నేను కొడుతుంటే తెర మీదే ప్రూఫు చూసేవారు. నేను అరసున్న వదిలేస్తే తెరని చూపుడువేలితో పొడిచేవారు. ఆయన పోయి ఆరేళ్ళు. ఇంట్లో మిగిలిన ఒక్క కాపీ ఎవరో తీసుకెళ్ళి తిరిగివ్వలేదట.

"లేకపోవడమేమిటయ్యా," అన్నాను ఠీవిగా. బీరువాలోంచి డ్రైవ్ తీశాను. ఆదివారం మేనల్లుడు వచ్చి వాడి లాప్‌టాప్‌కి తగిలించాడు. మాస్టారి ఫోల్డరు దొరికింది. అందులో 'ఫైనల్', 'ఫైనల్ దిద్దినది', 'మాస్టారు ఓకే', 'మాస్టారు మళ్ళీ' అని నాలుగు ఫైళ్ళు. పేజ్‌మేకర్ ఫైళ్ళు. పేజ్‌మేకరే అంతరించిన జీవి. 2001లో వచ్చిన ఏడో వెర్షనే ఆఖరుది. వాడు ఎలాగో దాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కించి 'మాస్టారు మళ్ళీ' తెరిచాడు. ఈ ఫాంటు మీ దగ్గర లేదు, బదులు ఇంకోటి పెట్టనా అని అడిగింది. సరే అన్నాడు.

పద్యం పద్యంలాగే ఉంది. నాలుగు పాదాలు, పక్కన అంకె, కింద చిన్న గీత. అక్షరాలు మాత్రం తెలుగు కావు. నెత్తిన కొమ్ములూ చుక్కలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో డాలరు గుర్తు, పౌను గుర్తు. 112 పేజీలూ అదే. కంద పద్యానికి గణవిభజన చేయడం మాస్టారే నాకు నేర్పారు. డాలరు గుర్తు గురువో లఘువో ఆయన చెప్పలేదు.

ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. మేం ఇన్నేళ్ళూ అను ఫాంట్లలో కొట్టింది కంప్యూటరు దృష్టిలో తెలుగు కాదు. అవి పగటివేషగాళ్ళు. లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరమో ఏదో గుర్తో. ఫాంటు దాని మొహానికి 'క' రంగు పూస్తుంది, ఇంకోదానికి తలకట్టు పెడుతుంది, ఇంకోదాన్ని వత్తుగా కిందకి దించుతుంది. తెర మీద చూస్తే సాక్షాత్తూ తెలుగే. రంగుపెట్టె లేకపోతే వేషం లేదు. ఆ రంగుపెట్టె ఉండేది సీ డ్రైవ్‌లో, విండోస్ ఫోల్డర్లో, ఫాంట్స్ అనే అరలో. ఎత్తక్కర్లేదనుకున్నామే, అక్కడ.

అసలు తెలుగు కంప్యూటర్లోకి వచ్చే దారి ఇంకోటి అప్పటికే ఉంది. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చినప్పుడే అందులో తెలుగుకి చోటిచ్చారు. అక్కడ 'క' అంటే ఏ దేశపు మెషీన్లోనైనా 'క'యే, వేషం కాదు. విండోస్ ఎక్స్‌పీతో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన తెలుగు యూనికోడ్ ఫాంటు పేరేమిటో తెలుసా? గౌతమి. నా కొట్టు మెట్లు దిగితే కనిపించే నది పేరే నా మెషీన్లో ఊరికే పడి ఉంది. నేను దాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు. అచ్చులో అందంగా ఉండదని, వత్తులు ఎత్తుగా వస్తాయని, ప్రెస్సువాళ్ళు ఒప్పుకోరని. అన్నీ నిజాలే. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

మెట్ల కిందకి పరిగెత్తాను. పాతసామాన్లవాడు ఇంకా రాలేదు.

ఆ పూట మా మేనల్లుడు ఫాంట్లు బయటికి తీస్తుంటే నాకు సారంగధరుడు గుర్తొచ్చాడు. రాజమండ్రిలో పుట్టినవాడికి సారంగధర మెట్ట తెలియకుండా ఉండదు. సవతితల్లి చిత్రాంగి మాట, రాజరాజనరేంద్రుడి కోపం, కొడుకు కాళ్ళూ చేతులూ నరికించడం, నాటకాలు చూసి ఏడ్చినవాళ్ళం. ఆయనకి సంబంధించి ఇంకో కథ ఉంది, దాన్ని నాటకాలు పట్టించుకోలేదు. 1656లో అప్పకవి చెప్పిన కథ. నన్నయ తన గ్రంథానికి అడ్డుపడ్డాడన్న కసితో భీమకవి, నన్నయ రాసిన ఆంధ్రశబ్దచింతామణిని గోదాట్లో పారేశాడట. ఉన్నది ఒక్కటే ప్రతి. తెలుగుకి వ్యాకరణం నీళ్ళపాలు. కానీ చిన్నతనంలో సారంగధరుడు దాన్ని కంఠస్థం చేసి ఉన్నాడు. ఆయన నోటినుంచి అది మతంగగిరి దగ్గర బాలసరస్వతికి చేరింది, అక్కణ్ణుంచి చేతులు మారి అప్పకవి దాకా వచ్చింది.

చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు. ఆ వ్యాకరణం నన్నయది కాదని చాలామంది పండితుల మాట. రాజరాజు కొడుకుగా చరిత్రకి తెలిసినవాడు కులోత్తుంగ చోళుడు. పోనివ్వండి. నాకు నచ్చింది కథలోని లెక్క. ఒక ప్రతి గోదాట్లో పోయింది, రెండోది ఇంకోచోట ఉంది కాబట్టి బతికింది. కాళ్ళూ చేతులూ తెగిన మనిషిలో ఉన్నా చెక్కుచెదరలేదు. ఎందుకంటే ఆయన దాన్ని మోయలేదు, నేర్చుకున్నాడు. చదివిన ప్రతి అది. నేను బీరువాలో పట్టుగుడ్డ చుట్టి పెట్టింది చదవని ప్రతి.

తెలుగులో మనం 'కాపీ కొట్టడం' అంటే పాపం. 'ఎత్తి రాయడం' అంటే పని. మాస్టారు కూడా పరీక్షల్లో కాపీ కొడితే బయటికి గెంటేవారు, బాగున్న పద్యం కనిపిస్తే ఎత్తి రాసుకోమనేవారు. తాటాకుల కాలంలో గ్రంథం బతకాలంటే ఎత్తి రాయడం ఒక్కటే దారి. ఆకు మనిషికంటే ఎక్కువ కాలమే ఉంటుంది కానీ చెద, తేమ, పురుగు ఉండనివ్వవు. తరానికో రెండు తరాలకో ఎవడో ఒకడు గంటం పట్టుకుని కూచోవాలి. చివర్న ఆ లేఖకులు రాసుకునే మాటలు చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది: చూసింది చూసినట్టు రాశాను, తప్పులుంటే నా పూచీ లేదు, నూనె నుంచి నీళ్ళ నుంచి వదులు కట్టు నుంచి ఈ పుస్తకాన్ని కాపాడండి అని. నడుం విరిగేలా వంగి రాశానని కూడా చెప్పుకునేవారు. మా వృత్తివాళ్ళే. ఆ నొప్పి నాకు మెడ దగ్గర.

ఆ లేఖకుడు తప్పులు చేశాడు. ఒత్తులు వదిలేశాడు, ఒక పాదం దాటేశాడు, తెలియని మాట వస్తే తెలిసిన మాటగా మార్చేశాడు. కొన్నాళ్ళు రాజమండ్రిలోనూ ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర అందుకే ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితుల్ని జీతాలకి పెట్టుకుని, పక్కపక్కన పోల్చి దిద్దించాడు. కానీ ఎంత తప్పులతడకైనా, ఆ లేఖకుడి కళ్ళు ప్రతి అక్షరం మీదుగా ఒక్కసారైనా నడిచాయి. నా కాపీలో ఒక్క తప్పు కూడా లేదు. సున్నా ఒకటి మారకుండా దిగింది. ఆకుపచ్చ గీత ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళేలోగా దాంట్లో ఏముందో చూసినవాడు ఒక్కడూ లేడు. నేనూ చూడలేదు, మా మేనల్లుడూ చూడలేదు.

యంత్రపు కాపీని తీసిపారేస్తున్నానని అనుకోకండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఎన్నో, ఆ సైటు మూతపడ్డాక కూడా మనకి దొరుకుతున్నాయంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వాటి కాపీలు పెట్టి ఉండబట్టే. అది పుణ్యం కాకపోతే ఏది పుణ్యం? స్కాన్లలో పేజీలు వంకరగా ఉంటే ఉండనివ్వండి. నేను తిట్టుకుంటున్నది నన్ను. డ్రైవ్ కొని, దింపి, గుడ్డ చుట్టి, చేతులు దులుపుకున్నందుకు. తెరిచి ఒక్క ఫైలు చూసి ఉంటే ఆ రాత్రే తెలిసేది.

ఫాంట్లు వచ్చాయి. లాప్‌టాప్‌లో పెట్టగానే మాస్టారి పద్యాలు మళ్ళీ తెలుగు వేషం కట్టాయి. కానీ ఇది ఎన్నాళ్ళు? రేపు అమెరికాలో ఆ అబ్బాయికి పంపిస్తే వాడూ పేజ్‌మేకర్ వెతుక్కోవాలి, వాడూ ఫాంటు వెతుక్కోవాలి. యూనికోడ్‌లోకి మార్చేద్దాం అన్నాడు మేనల్లుడు. దానికి కన్వర్టర్లు ఉన్నాయి. ఈ పక్క పోస్తే ఆ పక్క అసలు తెలుగు వస్తుంది.

వచ్చింది. 'మంత్రి' వచ్చి 'మంతి్ర' అయింది. 'స్త్రీ' వచ్చి 'సీ్త్ర' అయింది. పాత వార్తల సైట్లలో ఈ రకం తెలుగు చూసే ఉంటారు మీరు. వేషంలో గుడి ముందొచ్చి వత్తు తర్వాతొచ్చేది. అసలు తెలుగులో వరస వేరు. కన్వర్టరు చాలామటుకు సర్దింది. సర్దలేని చోట వత్తు నేలజారిపోయింది. మాస్టారివి సంస్కృత సమాసాలు. మూడేసి హల్లులు ఒకదాని కింద ఒకటి. వాటి పని అయిపోయింది. అరసున్నలైతే కొన్ని నిండుసున్నలయ్యాయి, కొన్ని ఎటో పోయాయి.

"తొంభై శాతం వచ్చేసినట్టే మావయ్యా, పంపేద్దామా?" అన్నాడు.

పద్యంలో పది శాతం పోతే ఛందస్సే పోయినట్టు. వద్దన్నాను. వాడు కాకినాడ బస్సెక్కాడు, రెండో డ్రైవ్ సంచిలో వేసుకుని. అవును, రెండోది కొన్నాను. ఫాంట్లూ పేజ్‌మేకరూ కూడా ఎక్కించాం ఈసారి. ఒకటి ఇక్కడ, ఒకటి మా చెల్లెలింట్లో. అన్నీ ఒకే పెట్టెలో పెడితే ఏమవుతుందో లంకలో చూశాను కదా. ఈ డ్రైవ్‌లకి పుష్కరకాలం గ్యారంటీ ఇచ్చే కంపెనీ ఏదీ లేదు. 2027 పుష్కరాలకి మళ్ళీ కొత్తది కొని దింపాలని కేలండరు వెనక రాసిపెట్టాను. మనకి నది పెట్టిన గడువు ఉండగా ఇంకో గుర్తెందుకు?

ఇప్పుడు రోజూ రాత్రి భోజనాలయ్యాక కూచుంటున్నాను. ఎడమ పక్క పాత పేజీ, కుడి పక్క కొత్తది. ఒక్కో పద్యం పైకి చదువుతాను. చదివితేగానీ యతి ఎక్కడ తప్పిందో తెలీదు. మొన్నామధ్య ఒకచోట యతి తప్పినట్టు తోచి దిద్దబోయాను. పాత పేజీ చూస్తే అక్కడా అంతే ఉంది. కన్వర్టరు తప్పు కాదు, ఆరోజు నేను కొట్టిన తప్పు. మాస్టారి వేలు దాన్ని పొడవలేదు. ఆయన కళ్ళకి కూడా ఆ సాయంత్రం అలసట వచ్చి ఉంటుంది. ఏం మాట ఉండాలో రెండు రోజులు ఆలోచించి, అమెరికాకి ఫోన్ చేసి అడిగాను. ఆ అబ్బాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ పద్యం మొత్తం నోటికి చెప్పాడు. చిన్నప్పుడు నాన్నగారు స్కూటర్ మీద స్కూలుకి తీసుకెళుతూ చదివించేవారట.

మాట దొరికింది. దిద్దాను. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్న సారంగధరుడు ఒకడు న్యూజెర్సీలో ఉన్నాడన్నమాట.

మా సెంటర్లో ఏ పుస్తకమో, ఏ ఇంటి కార్డో చేయించుకున్నవాళ్ళు ఇది చదువుతుంటే, మీ ఫైలు నా దగ్గర ఉండే ఉంటుంది. అడగండి. కాకపోతే కొంచెం ఆగాలి. మాస్టారి పుస్తకం 112 పేజీలు. నేనింకా 41లో ఉన్నాను.